మద్దిపట్ట పాలు

ఒట్టపాలెం,
కర్కాటక మాసం 6

ప్రియమైన సావిత్రీ,

వానలు మొదలైనప్పటి నుంచి మన వైద్యశాలలో కషాయాల పొయ్యిలు ఆరడం లేదు. పది రోజులుగా నాకు గుండెల్లో బరువు, మంట. కంగారుపడకు, తెల్లమద్ది పట్ట పాలలో కాచి తాగుతున్నాను. తాగిన గంటలోనే హాయి! కాలేజీలో మందుల పాఠాలు చెప్పేదానివి, రుజువేదీ అంటావు. మీ అన్నయ్యే రుజువు! కల్లు గీసే వేలాయుధన్‌కీ చెట్టెక్కితే ఛాతీ పట్టేస్తోందట. ఆదివారం వాడికీ ఇదే ఇస్తాను.

ఆశీస్సులతో,
అచ్యుతన్

కోళిక్కోడు,
కర్కాటక మాసం 8

అన్నయ్యా,

నీకేమన్నా మతిపోయిందా? మీ ఊరి ఫోన్లు వానకు మూగబోయాయి. అందుకే ఈ ఉత్తరం బస్సు కండక్టరు చేతికిచ్చి పంపుతున్నాను.

మద్దిపట్ట మీద పరీక్షలు జరిగాయి, కాదనను. కొద్దిమంది మీద, కొద్ది వారాలు. వాళ్ళలో చాలామంది ఆస్పత్రి మందులు మానకుండానే దాన్ని వాడారు. కొంత మేలు కనిపించింది, అంతే. ఆ మందుల బదులు ఇది చాలని ఎవరూ తేల్చలేదు. ఒక్కడికి తగ్గడం రుజువు కాదు, ఆ ఒక్కడు నువ్వైనా సరే! నాకున్నది నువ్వొక్కడివే అన్నయ్యా. చాలా భయంగా ఉంది. ఇవాళే ఆస్పత్రికి వెళ్ళు. వేలాయుధన్‌నీ లాక్కెళ్ళు.

నీ సావిత్రి

ఒట్టపాలెం,
కర్కాటక మాసం 12

ప్రియమైన సావిత్రీ,

ముందు కళ్ళు తుడుచుకో. వెళ్ళాను. అన్ని పరీక్షలూ చేశారు. నా గుండె నిక్షేపంలా ఉందట!

"పొద్దున్నే ఏం తింటారు వైద్యులుగారూ?" అంది డాక్టరమ్మ.

"ఏమీ తినను. కషాయాలు పాకానికొచ్చాయో లేదో రుచి చూస్తాను."

"ఎన్ని?"

"ఈ నెలలో అయితే రోజుకు ముప్పై గిన్నెలు."

"మిరియాలు, శొంఠి, పిప్పళ్ళు వేసినవేనా?"

"అవి లేకుండా కషాయమేంటమ్మా?"

ఆవిడ పగలబడి నవ్వింది. మంట గుండెది కాదట, పరగడుపున పోసుకున్న ఘాటుదట. హాయినిచ్చింది కూడా పట్ట కాకపోవచ్చు, ఉత్త పాలే కావచ్చు అంది. నలభై ఏళ్ళుగా వైద్యం చేస్తున్నవాణ్ణి, సిగ్గుతో చచ్చాననుకో.

వేలాయుధన్ ఓ పట్టాన కదల్లేదు. "మీకు తగ్గిందిగా, నాకూ ఆ పాలే ఇవ్వండి" అని ఒకటే గోల. రెక్క పట్టుకుని ఈడ్చుకెళ్ళాను. వాడి గుండె పరీక్ష కాగితం చూడగానే డాక్టరమ్మ నవ్వు ఆగిపోయింది. రక్తనాళం మూసుకుపోతోందని అప్పటికప్పుడు అక్కడే చేర్చుకుని వైద్యం మొదలుపెట్టారు.

ఇవాళ లేచి కూర్చుని గంజి తాగాడు. "నన్నిక్కడ పడేశారు, నా చెట్లు మీరెక్కుతారా?" అని నన్ను దులిపేశాడు. ఆ తిట్లు వింటుంటే ప్రాణం లేచొచ్చింది. నీ ఉత్తరం ఒక్కరోజు ఆలస్యమైతే, నాకు తగ్గిందన్న ధీమాతో వాడి ప్రాణం తీసేవాణ్ణి సావిత్రీ.

నీ చేత చీవాట్లు తిన్న
అన్నయ్య