పిట్ట ముట్టని ముద్ద

కోసాడ్, సూరత్
12 డిసెంబరు 2021

కనకక్కకు తమ్ముడు లింగమూర్తి దండాలు పెట్టి రాస్తున్నది. ఇక్కడ మేమందరం బాగున్నాం, నా దగ్గు కూడా తగ్గింది. నువ్వూ పిల్లలూ బాగున్నారనుకుంటాను.

రికార్డు చేసే అమ్మాయి మీ ఊరికీ వస్తానందని, ఏమడుగుతుందోనని భయంగా ఉందని రాశావు. భయం వద్దు. పేరు హారతి, ఇక్కడే సూరత్‌లో, అడాజన్‌లో పెరిగిన మన తెలుగు పిల్లే. కరోనాలో మనం పడ్డ పాట్లు మన నోటితోనే చెప్పించి, వాళ్ళ కాలేజీలో దాచిపెడతారట. ముందు ఒక కాగితం చదివి వినిపించి సంతకం అడుగుతుంది. ఫ్యాన్ ఆపమంటుంది. అగ్గిపెట్టెంత మిషన్ మధ్యలో పెట్టి, అమ్మ పేరేంటి, నీకు బీడీలు చుట్టడం ఎవరు నేర్పారు అని మెల్లగా మొదలుపెడుతుంది. నేను బట్టలు నేసే కరెంటు సాంచాల మోతలో మాట్లాడినట్టే అరుస్తుంటే, "కాకా, ధీరే బోలో, మెల్లగా. ఇక్కడ సాంచాలు నడవట్లేదు కదా" అని నవ్వింది.

కష్టం ఒక్కటే. మనం ఆగిపోతే ఆ పిల్ల మాట అందించదు, ఊరికే చూస్తూ కూర్చుంటుంది. అప్పుడు మనమే ఏదో చెప్పేస్తాం. నేనూ చెప్పేశాను. చెప్పాక ఆ మిషన్ వైపు చూశాను. "వద్దంటే చెరిపేస్తా కాకా, మీ ఇష్టం" అంది. "చెరపకు బిడ్డా. మా అక్కకు ఎరుకయ్యేదాక ఎవ్వలకు ఇనిపియ్యకు" అన్నాను.

గోదావరిలో బావ బూడిద కలిపి పిట్టకు పెడితే కాకి ముద్ద ముట్టలేదని, ఆఖరిసారి ఫోన్లో నువ్వు కసురుకున్నందుకు బావ అలిగాడా అని అడిగావు. ఇది ఒక్కదానివే కూర్చుని చదువుకో అక్కా.

ఇక్కడ కరోనాతో దేవదాసు బావ పోయిన రోజు నాకు జ్వరమని చెప్పాను. జ్వరం తర్వాత వచ్చింది, ముందు వచ్చింది భయం. ఆయన్ను కాల్చేచోటి గేటు దాకా కూడా పోలేదు నేను. పన్నెండు రోజులకు పోయి అడిగితే, ఎవరూ రాని బూడిద కుండలన్నీ తాపీ నదిలో కలిపేశామన్నారు. ఉత్త చేతులతో నీ ముందుకు రాలేక, మా గల్లీ చాయ్ దుకాణం పొయ్యిలో బూడిద ఎర్రగుడ్డలో కట్టి తెచ్చాను. ఆ మూట ఒళ్ళో పెట్టుకుని ధర్మపురి దాకా ఏడ్చావు. నేను పక్కనే కూర్చున్నాను.

బావకు నీ మీద కోపం లేదు. ఆస్పత్రికి పోతూ కూడా, "కనకవ్వకు జెప్పకురా, బుగులు పడ్తది" అన్నాడు. పిట్ట ముట్టకపోతే ఆ తప్పు నాది.

హారతి అడిగితే నా సంగతి ఉన్నదున్నట్టు చెప్పు. తిట్టాలనిపిస్తే తిట్టు, ఆ పిల్ల ఆపదు. వచ్చే అమావాస్యకు తాపీ ఒడ్డున నేనే ముద్ద పెడతాను. పిట్ట ముట్టినా ముట్టకపోయినా, నీకు ఉన్నదే రాస్తాను.

ఇట్లు
నువ్వు ఇంకా అనుకుంటే, నీ తమ్ముడు
లింగమూర్తి