నోరు తెరిచిన బొమ్మ

నాందేడ్,
సోమవారం, 11 ఆగస్టు 2025

అనంతలక్ష్మి అక్కకు తిరుమలేష్ నమస్కారాలు. బావకు కూడా చెప్పు. ఇక్కడ అందరం క్షేమమని రాయడం ఆనవాయితీ కనుక రాస్తున్నాను. వాన రెండు రోజులుగా ఆగలేదు. గోదావరికి నీళ్లు బాగా వచ్చాయి. ఫోనులో మాట పెగలక, ఈ ఉత్తరం మీ కుండల్‌వాడి జీపు నడిపే మాణిక్ చేతికి ఇస్తున్నాను.

గురువారం సింధు దవడకు ఆపరేషన్. మక్కకంకి కొరుకుతుంటే పట్టేసిన దవడకు కోత దాకా ఎందుకొచ్చింది, ఎక్స్‌రేలో ఏమీ లేదన్నారు కదా అని మొన్న అడిగావు. నేను దాటవేశాను. ఎక్స్‌రేలో ఎముకే కనిపిస్తుంది. సీటీ స్కాన్ ఆ ఎముకనే ఇంకా బాగా చూపిస్తుంది. నీ బిడ్డ ఎముకలు రెండింట్లోనూ బాగున్నాయి. కానీ చెవి ముందు, దవడ కీలులో ఒక మెత్తని బిళ్ల ఉంటుంది. అది పక్కకు జరిగిందో లేదో ఎంఆర్ఐలోనే సరిగ్గా తెలుస్తుంది. అందుకే నేను స్కాన్లు తీసే సెంటరుకు పంపారు.

ఆ ఎంఆర్ఐ బొమ్మ రెండుసార్లు తీయాలి. నోరు మూసి ఒకసారి, తెరిచి ఒకసారి. తెరిచినప్పుడు బిళ్ల తన చోటికి వస్తే పళ్లకు తొడుగు పెట్టి, కసరత్తు చేయించి చూస్తారు. రాకపోతే కోత. డాక్టరు నీకు చెప్పింది ఇదే.

మిషన్‌లోకి పోయేముందు ఒంటి మీద నగ ఉండకూడదు. సింధు కమ్మలు నేనే తీశాను. చెవులు కుట్టిననాడు మేనమామగా నేను పెట్టినవే. ఆరోజు నా ఒళ్లో కూర్చోబెట్టి, గట్టిగా పట్టుకో, కదలనీయకు అన్నావు. అది ఏడ్చేసరికి నేను చేతులు వదిలేశాను. రెండో చెవికి బావ పట్టుకోవలసి వచ్చింది. దాని ఎడమ చెవి రంధ్రం కాస్త కిందికి ఉండేది అందుకే. కమ్మలు నా జేబులోనే ఉండిపోయాయి, ఈ కవరులో పెట్టాను.

నోరు తెరిచి ఉంచడానికి పళ్ల మధ్య సిరంజి గొట్టం పెడతాం. కొన్ని నిమిషాలు కదలకూడదు. సింధు కన్నీళ్లు చెవుల్లోకి కారాయి. గొట్టం తీయమని చేత్తో సైగ చేసింది. తీశాక ఒక్క మాట అన్నది: "మామా, నాతోని అయితలేదు, ఇడువు."

రిపోర్టు రాసే డాక్టరు పుణెలో ఉంటాడు. మనిషిని చూడడు, నేను పంపిన బొమ్మలు చూస్తాడు. బిళ్ల తిరిగి రావడం లేదని రాశాడు. ఆయన తప్పేమీ లేదు.

శనివారం ఆ రిపోర్టు వచ్చినప్పటి నుంచి నాకు ఏమీ అనిపించడం లేదు. ఆకలి లేదు, భయమూ లేదు. డ్యూటీకి పోతున్నాను. పడుకున్న ప్రతి మనిషికీ "హలూ నకా", కదలొద్దు, అని చెబుతున్నాను. నీ మరదలు రూపాలి అన్నం పెడితే తిని లేస్తున్నాను. ఏం కూర అని అడిగితే చెప్పలేను.

ఇట్లు,
నీ తమ్ముడు
తిరుమలేష్

తా.క.: నోరు తెరిచిన బొమ్మ లేదక్కా. గొట్టం తీసేశాక, రెండోసారి కూడా నోరు మూయించే తీసి, తెరిచినదని పేరు పెట్టి పంపాను. బిళ్ల తన చోటికి వస్తుందో రాదో ఇంతవరకు ఎవరూ చూడలేదు. ఈ కవరు మాణిక్‌కు ఇచ్చి, ఆపరేషన్ చేసే డాక్టరు దగ్గరికి పోతున్నాను. అక్కడ నాకు నోరు పెగలకపోయినా, నువ్వు మాత్రం గురువారం సింధును లోపలికి పంపకు. వేరేచోట మళ్లీ తీయించు. నన్ను పట్టుకోమనకు.