1.01 జౌళ్లు వచ్చిన రైఫిల్‌ను ధ్వంసం చేయవద్దని కుమెదా షోజి మనవి

హనెగావా పోలీస్ స్టేషన్, పౌర భద్రతా విభాగం అధికారివారి సముఖమునకు,

ఇదే పట్టణం మూడో వార్డు నివాసి, పట్టణ కార్యాలయంలో నివాస పత్రాల గుమాస్తాగా ముప్పై ఏడేళ్లు పనిచేసి విరమించిన కుమెదా షోజి, వయసు 66, వ్రాసుకొనునది.

అయ్యా,

విషయం: నేను నా చేతులతో తమకు అప్పగించిన ఆట రైఫిల్‌ను ఈ నెల 30న ధ్వంసం చేయకుండా ఆపుట గురించి.

1. సదరు వస్తువు ప్లాస్టిక్ గుళ్లు పేల్చే ఎయిర్‌సాఫ్ట్ స్నైపర్ రైఫిల్. నాకు తుపాకుల మీద ఎన్నడూ మోజు లేదు. నా కూతురు చినామి, వయసు 33, గడియారాల కర్మాగారంలో పనిచేసేది. నాలుగేళ్ల కిందట ఒక మధ్యాహ్నం పని మధ్యలో ఇంటికి వచ్చి, గదిలోకి వెళ్లి తలుపు వేసుకుంది. ఇంట్లో మేమిద్దరమే. నేను నిద్రపోయాక స్నానానికి వస్తుంది. వీధి గుమ్మం వైపు మాత్రం అడుగు పెట్టదు. ఆ రోజు విప్పిన బూట్లు లోపలివైపు మొహం పెట్టి గుమ్మంలో అలాగే ఉన్నాయి. నేను కదపలేదు.

2. పోయిన ఏడు పాత కాగితాలవాడికి వేయమని తను తలుపు బయట పెట్టిన కట్టలో ఒక తుపాకుల పత్రిక కనిపించింది. అడగడానికి నా దగ్గర వేరే ప్రశ్నలు అయిపోయాయి గనుక, "వీటిలో కొత్తవాళ్లకు ఏది మంచిదమ్మా?" అని తలుపుతో అన్నాను. తలుపు మాట్లాడింది.

"గ్యాస్‌ది తీసుకోకు నాన్నా, చలికాలం నీరసపడిపోతుంది. చేత్తో బోల్టు లాగే రకం తీసుకో. విడిభాగాలు ఎక్కడైనా దొరికే మోడల్ చూసుకో. కొన్న రోజే స్ప్రింగు మార్చేద్దామనుకోకు, అందరూ చేసే తప్పు అదే."

ఆ రోజు నలభై నిమిషాలు మాట్లాడింది. అంతకు ముందు ఏడాదంతా కూడినా అంత లేదు. మర్నాడు వెళ్లి కొన్నాను.

3. ఆ పైన చేసిన మార్పులు: గుండుకు వెనక్కి తిరిగే తిప్పు ఇచ్చి తిన్నగా పోనిచ్చే రబ్బరు, నున్నటి లోపలి గొట్టం, గాలి కారకుండా సిలిండర్‌కు కొత్త రింగు. ఈ భాగాలు అన్నం, మిసో సూప్ పెట్టిన ట్రే మీదే లోపలికి వెళ్లి, ఖాళీ గిన్నెలతో బయటికి వచ్చేవి. స్ప్రింగు ముట్టుకోలేదు. ఆదివారాలు నేను ఆట మైదానానికి వెళ్లి వెదురాకుల్లో బోర్లా పడుకునేవాణ్ణి. గుండు తగిలితే తగిలినవాడే చెయ్యెత్తి "హిట్" అని ఒప్పుకోవడం మా ఆట పద్ధతి. నాకు తగలకపోయినా ఎత్తిన సందర్భాలు ఉన్నవి. ఇంటికి వచ్చి జరిగినదంతా తలుపుకు నివేదించేవాణ్ణి. తలుపు ఒకసారి నవ్వింది.

4. గత నెల రెండో ఆదివారం, ఆటకు ముందు జరిపే పరీక్షలో, గుండు శక్తికి చట్టం ఒప్పిన 0.98 జౌళ్ల హద్దు దాటి మా రైఫిల్ 1.01 చూపింది. గాలి బొత్తిగా కారకపోవడమే కారణం. అంటే మా అమ్మాయి పనితనం. మైదానం యజమాని ఇసోబెగారు, "పోన్లెండి, ఇవాళ అద్దెది పట్టుకెళ్లి ఆడండి. ఇంటికెళ్లి బలం తక్కువ స్ప్రింగు వేసుకోండి. ఈ మాట ఇక్కడితో సరి" అన్నారు. నాకు సరి కాలేదు. దారిలో పోలీసు చౌకీ కనబడితే లోపలికి వెళ్లాను.

"ఏం పెద్దాయనా, ఎవర్నైనా కాల్చారా?" అన్నాడు అక్కడి కుర్ర పోలీసు హొత్తా.

"లేదండీ. 1.01 వచ్చింది."

"ఏం వచ్చింది?"

వివరించాను. ఆయన పాపం ఒక ఫారం వెతికి తీశాడు. అందులో నాలుగు గళ్లు ఉన్నవి. నాలుగూ నింపి, సంతకం బదులు నా పేరు ముద్ర వేశాను.

"మూడోది యాజమాన్య హక్కు వదులుకోవడం పెద్దాయనా. అది అక్కర్లేదేమో చూడండి."

"గడి ఖాళీగా ఉంటే ఫారం వెనక్కి వస్తుంది కదండీ" అన్నాను. ముప్పై ఏడేళ్లు వెనక్కి పంపినవాణ్ణి నేనే.

5. పోయిన వారం తమ కౌంటరు వద్ద విచారించగా, మార్పు చేసిన వ్యక్తి స్వయంగా హాజరై, అధికారి ఎదుట శక్తి తగ్గించినచో ఆ మూడో గడి రద్దయి, ధ్వంసం ఆగవచ్చునని సెలవిచ్చినారు. మార్పు నేనే చేశానన్నాను. "అయితే ఈ రింగు ఎలా ఎక్కించారో చూపించండి" అన్నారు. నా చేతులు అక్కడే ఆగిపోయాయి.

"ఎవరు చేశారో వాళ్లనే రమ్మనండి కుమెదాగారూ. పది నిమిషాల పని."

6. రైఫిల్ రిపేరు షాపులో ఉందని, అద్దెదానితో ఆడుతున్నానని అమ్మాయికి చెప్పాను. ఆదివారాలు ఆట బట్టలు వేసుకుని పార్కు బెంచీ మీద కూర్చుని వస్తున్నాను. "ఎన్ని హిట్లు నాన్నా?" అంటే "రెండు" అంటున్నాను. రోజులు గడుస్తున్నవి. నాకు ఏడుపు రావడం లేదు, ఆకలీ వేయడం లేదు. 30వ తేదీ తరువాత ఆ తలుపుతో ఏం మాట్లాడాలో తెలియక భయంగా ఉంది.

కావున ధ్వంసం నిలిపివేసి, హాజరు నిబంధన సడలించి, ఒక అధికారిని రైఫిల్‌తో సహా మా ఇంటికి పంపవలసినదిగా ప్రార్థన. తలుపు కింద రెండు వేళ్ల సందు ఉన్నది. భాగాలు విడివిడిగా పడతాయి. గళ్లన్నీ నిండినవని కాక, వ్రాసినవాడికి వేరే దారి లేదని ఈ కాగితాన్ని చిత్తగించవలెను.

తమ విధేయుడు,
కుమెదా షోజి

తా.క. సాంకేతిక దోషాలుంటే అర్జీ వెనక్కి వస్తుందని, మార్పుల గురించిన మూడో అంశం సరిచూడమని చిత్తుప్రతిని తలుపు కింద నుంచి తోశాను. ఆరో అంశం కూడా అందులోనే ఉందని తోశాక గుర్తొచ్చింది. పొద్దున కాగితం బయటికి వచ్చింది. మూడో అంశంలో తప్పులేవీ లేవు. ఆరో అంశం పక్కన పెన్సిల్‌తో ఇలా ఉంది: "తెలుసు. నీ బూట్లకు బురద లేదు." అడుగున ఇంకో ముక్క: "ఆ కౌంటరు ఎన్నింటిదాకా?"

గుమ్మంలోకి వెళ్లి చూశాను. తన బూట్లు వీధి వైపు తిప్పి ఉన్నాయి.

అధికారిని పంపనక్కర్లేదండీ. గురువారం మేమే వస్తాం. ఐదింటికి మూసేస్తారని బోర్డు మీద చూశాను. ఆ ఒక్కరోజు ఐదు దాటినా కొంచెం ఆగండి. మా ఇంటి నుంచి మీ స్టేషన్‌కు నా నడకైతే పన్నెండు నిమిషాలు. తనకెంత పడుతుందో నాకు తెలియదు.