విమానం చాయకు ఆగిన చోటు

సిరిసిల్ల, 4-2-2002

దుబాయ్‌లో ఉన్న తిరుపతి మామకు మనీషా నమస్కారం.

నువ్వు చెప్పినట్టే బొంబాయి గది అడ్రసుకు రాస్తున్నాను. అక్కడి నుంచి దుబాయ్ వచ్చేవాళ్ళు తెచ్చిస్తారన్నావు గదా. ఇక్కడ సాంచెలు ఆగి రెండు నెలలైంది, నేత పని లేదు. తమ్ముడు హరీశ్ కూడా నిన్ను పంపిన ఏజెంటు ద్వారానే దుబాయ్ బయలుదేరుతున్నాడు. అమ్మకు ఒకటే రంది: "బొంబాయికెళ్ళి విమానం ఎన్ని గంటలో మీ మామను అడుగు బిడ్డా. రొట్టెలు కట్టాలె."

నీ మేనకోడలు
మనీషా

తా.క.: హరీశ్ కిటికీ సీటు కావాలన్నాడు. ఎక్కినంక చూద్దామన్నాడట ఏజెంటు.

దుబాయ్, 13-2-2002

బిడ్డ మనీషాకు మామ దీవెనలు.

సిమెంటు కంపెనీల పని, మంచిగున్న. విమానం పదహారు గంటలు. అక్కను ఎనిమిది రొట్టెలు కట్టుమను. హరీశ్‌కు తొందరేం లేదు, ఈడ ఎండలు బాగున్నయ్.

మీ మామ
తిరుపతి

తా.క.: పచ్చిపులుసు వద్దు, కుదుపులకు ఒలుకుతది. విమానం ఒక్కసారి చాయకు ఆగుతది.

సిరిసిల్ల, 19-2-2002

మామకు,

కాలేజీ లైబ్రరీలో అట్లాస్ మీద దారం పెట్టి కొలిచాను. బొంబాయి నుంచి దుబాయ్ పందొమ్మిది వందల కిలోమీటర్లు. విమానానికి మూడు గంటల దారి అన్నారు మా మేడం. నీ లెక్కన నీ విమానం గంటకు నూట ఇరవై పోయింది. నడుమ ఉన్నదంతా సముద్రమే, చాయ ఎవరు పోశారో తెలియలేదు.

మనీషా

తా.క.: అమ్మకు ఇవేవీ పట్టలేదు. "చాయకు దిగినప్పుడు సంచి సీటు మీదనే పెట్టాలెనా, ఎంట తీస్కపోవాలెనా?" అని అడగమంది.

దుబాయ్, 26-2-2002

బిడ్డా,

అట్లాస్‌ల గాలి కనిపిస్తదా? మాది పాత విమానం, పైకెళ్ళి ఎదురుగాలి. ఈడ గడియారం గంటన్నర ఎనుక. గా గంటన్నర గూడ కలుపుకో.

తిరుపతి

తా.క.: సంచి చంకలనే ఉండాలె. కిటికీ సీటు వద్దు. ముందు సీటోడు కక్కితే మన మీదికే అస్తది.

సిరిసిల్ల, 3-3-2002

మామా,

గంటన్నర కలిపినా నాలుగున్నర దాటలేదు. హరీశ్ పదిహేను రోజుల్లో పోవాలి. పాస్‌పోర్టు ఎక్కడ పెట్టాడో, ఇల్లంతా వెతుకుతున్నాడు. దొరికితే ఏజెంటు చేతిలో పెడతాడు. నిన్ను చూసే వాడికి ఈ ధైర్యం.

మనీషా

తా.క.: నీ ఉత్తరం విప్పితే ఒడిలో దూది నూగు రాలింది. సిరిసిల్ల పిల్లను, ఆ మాత్రం గుర్తుపట్టనా? సిమెంటు కంపెనీలో ఏం నేస్తున్నారు?

భివండి, 9-3-2002

మనీషా,

నేను విమానం ఎక్కలే బిడ్డా. ఏజెంటు బొంబాయి గదిల కూసోబెట్టి, రేపు మాపు అనుకుంట మాయమైండు. ఏ మొఖం పెట్టుకొని ఇంటికి రావాలె? నాలుగేండ్ల సంది బొంబాయి పక్కన ఈ భివండిల సాంచెలు నడుపుతున్న. పదహారు గంటలు సిరిసిల్లకెళ్ళి ఈడికొచ్చే బస్సువి. హరీశ్‌ను ఆపుండ్రి.

తిరుపతి

తా.క.: అక్కకు చెప్పకు. నమ్మింది, గట్లనే ఉండనీ.

సిరిసిల్ల, 15-3-2002

మామా,

నేను చెప్పలేదు. నా చేతిలో ఉత్తరం చూసి అమ్మే అడిగింది, "ఒప్పుకున్నడా?" అని. లేచి వెళ్ళి బియ్యం డబ్బాలో నుంచి హరీశ్ పాస్‌పోర్టు తీసింది.

నేను పుట్టకముందు అమ్మా నాన్నా భివండిలో నేతకు పోయారట. "ఎనిమిది రొట్టెలన్నప్పుడే ఎరుకైంది. గా బస్సుకు నేను గన్నే కట్టిన. చాయకు దిగితే సీటు మీది సంచి పోయింది నాదే" అంది. మరి నాతో ఇన్ని ఉత్తరాలెందుకు రాయించావంటే, "నేనే గీ మాట అడిగితే సిగ్గుపడి ఇంకింత దూరం పోతుండె. వాని నోటికెళ్ళే రావాలె" అంది.

మనీషా

తా.క.: అమ్మ ఇంకొకటి అడగమంది: "గా విమానం ఎన్నడు ఎక్కుతడు? ఏ పూటకు వండాలె?"