పాత పేరు చెప్పినందుకు సంజాయిషీ

నంద్యాల,
బుధవారం.

స్టేషన్ మేనేజర్ యదునందన్ గారికి,

సోమవారం పొద్దున ఆరుగంటలకు ‘జిగేల్ ఎఫ్ఎం’ అనే కొత్త పేరు చెప్పకుండా, ‘కుందూ రేడియో’ అని పాత పేరు ఎందుకు చెప్పినానో రాసియ్యమని నోటీసు ఇచ్చినారు. పొరపాటు కాదు సార్, తెలిసే చెప్పినా.

ఆదివారం నాకు సెలవు. మీరు ఆ దినమే పేరు మార్చినారు. సాయంత్రం శిరివెళ్ల నుంచి, దినామూ మన రేడియో వినే రాములమ్మవ్వ నాకు ఫోన్ చేసి, “యాడికి పోయినావ్ పాపా? రేడియో ముల్లు జరిపి జరిపి చెయ్యి నొస్తాండాది” అనింది. ఆమెకు నంబర్లు తెలీవు. మన పేరు వినబడిన కాడ ముల్లు ఆపుతాది. ఆళ్లగడ్డ దాకా ముసలోళ్లంతా అంతే. కొత్త పేరు విని, ఇది వేరేవాళ్లదిలే అని దాటిపోయినారు.

అందుకే పాత పేరు చెప్పి, “ముల్లు ఉన్న కాడ గుర్తు పెట్టుకోండి, ఈడ ఇంగ కొత్త పేరు వస్తాది” అన్నా. అవ్వ గోళ్ల రంగుతో చుక్క పెట్టుకునిందంట. ఇంకో వారం ఇట్లే చెప్తా. పదమూడేండ్లుగా వాళ్లను లేపింది నా గొంతే. మీ కొత్త పేరు కూడా నేను చెప్తేనే నమ్ముతారు.

ఒక్క మాట. మీ నోటీసు కింద కొట్టిన ముద్ర కూడా కుందూ రేడియోదే. దానికి సంజాయిషీ ఎవురు రాయాల సార్?

ఇట్లు,
మీ పొద్దుటి అనౌన్సర్