ముసురులో తీసిన తేనె

అన్నా,

అమ్మా నేనూ కుల్చారం పోతున్నాం. రేపు సాయంత్రానికి వస్తాం. పొయ్యి పక్కన గిన్నెలో చక్కెర నీళ్ళు కలిపి ఉంచాను. చీకటి పడ్డాకే ఆ గిన్నెను తేనెపెట్టెలో పెట్టు. పగలు పెడితే చీమలు, బయటి తేనెటీగలు వచ్చి తాగిపోతాయి. నీళ్ళలో నాలుగు పుల్లలు వెయ్యి, లేకపోతే మన ఈగలు మునిగి చస్తాయి. మూత గట్టిగా మూయి, లోపలికి వాన పడనివ్వకు.

ఎండాకాలం కానుగ పూసినప్పుడు నువ్వు తేనె తీస్తే నేనేమైనా అన్నానా? ఇప్పుడు ముసురు. ఈగలు బయటికి పోలేవు, పోయినా పూలు లేవు. ఆ తేనె వాటి తిండి. నిన్న ఒక్క పట్టు కూడా వదలకుండా పిండేశావు. వద్దన్నందుకు నీ దోస్తుల ముందు "గిన్ని ఈగలకు గంత తేనె ఎందుకే? మళ్ల అవే పెడ్తయ్ తియ్" అని నవ్వావు. రంజిత్ అయితే "మీ చెల్లె మూతి సూడురా, ఈగ కుట్టినట్టె ఉబ్బింది" అన్నాడు. అందరూ నవ్వుతుంటే నేను లోపలికి వచ్చేశాను. అందుకే రాస్తున్నాను. తిండి దొరక్కపోతే అవి పెట్టె వదిలి ఎగిరిపోతాయి. రోజూ వాటిని చూసుకునేది నేను, నువ్వు కాదు. అవి పోతే నీతో మాట్లాడను.

అంకిత

రంజిత్‌కి ఇద్దామని నువ్వు బియ్యం డబ్బాలో దాచిన తేనె సీసా కోసం వెతకకు. రాత్రే ఆ తేనె ఇంకో గిన్నెలో పోసి పెట్టెలో పెట్టాను. పొద్దున చూస్తే గిన్నె కడిగినట్టు ఉంది.