ముఖం చూసి కొన్న దుప్పటి

నాయనా,

నీ పెద్దమ్మ చెబుతుంటే పక్కింటి టైలరు రాస్తున్నాడు. "క్షేమమా అని మొదలుపెడదామండీ" అన్నాడు. వద్దన్నాను.

నిన్న ఒకావిడ మన మగ్గాల షెడ్డుకి వచ్చింది. చేతిలో పసిపిల్లలకు కప్పే ఎర్ర దుప్పటి, దానికి కుట్టిన చీటీ మీద నా ఫొటో. ఆ బొమ్మనీ నన్నూ మార్చి మార్చి చూసి, "ఈ ముఖం చూసే కొన్నానమ్మా" అంది. వాళ్ళ పాప ఒళ్ళంతా బొబ్బలెక్కి ఆసుపత్రిలో ఉందట. నన్ను తిట్టిపోసినా బాగుండేది. ఆవిడ గొంతు కూడా పెంచలేదు.

అది మేం నేసింది కాదు. నీళ్ళలో ముంచితే రంగు రక్తంలా దిగింది. నా అరచేతులకంటిన ఎరుపు ఇంకా వదల్లేదు, మండుతున్నాయి. మా ఆడవాళ్ళు నీళ్ళు తేటపడేదాకా జాడించనిదే ఏ గుడ్డనీ గడప దాటనివ్వరు. ఎక్కడి మిల్లు సరుకుకి నా మొహం అతికించావురా? "నిన్ను చూస్తే జనం నమ్ముతారు పెద్దమ్మా" అని ఫొటో తీసుకున్నది ఇందుకా?

రేపు నీ షాపుకొచ్చి, గోడ మీది నా పెద్ద బొమ్మ కిందే కూర్చుంటాను. వచ్చిన ప్రతివాళ్ళకీ ఇదే చెబుతాను. చేతనైతే లేపు.

అంతకంటే ముందు ఇంటికి పరుగెత్తు. నీ భార్యకి నెలలు నిండాయి. పుట్టబోయే బిడ్డకని షాపులోంచి ఎర్ర దుప్పటి తెచ్చి పెట్టెలో దాచిందట. "మీ ముఖం చూసే తీశాను పెద్దత్తయ్యా" అని మొన్న మురిసిపోయింది. పొద్దుట్నుంచి మీ ఇద్దరి ఫోన్లూ మోగుతున్నాయి, ఎవరూ ఎత్తడం లేదు. అందుకే బస్సు కండక్టరు చేత ఈ ఉత్తరం పంపుతున్నాను.

కింద ఉన్నది నా వేలిముద్రే. దానికి సిరా అక్కర్లేకపోయింది.